డెస్క్‌టాప్‌కు నెట్ ఎలా ఇవ్వాలి: కేబులా, కార్డా, డాంగిలా, మెషా?

ల్యాప్‌టాప్‌కు సిగ్నల్ సరిగా అందకపోతే దాన్ని చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చుంటాం. డెస్క్‌టాప్‌తో ఆ వీలు లేదు. అది ఏ గదిలో, ఏ మూలన ఉందో నెట్ అక్కడికే రావాలి. కానీ కదలని వస్తువు కాబట్టే దానితో ఒక సుఖం కూడా ఉంది. ఒక్కసారి వైరు వేసేస్తే మళ్ళీ దాని జోలికి పోనక్కర్లేదు. అందుకే ఇంట్లో వైఫై పెట్టుకుంటున్నామని సలహా అడిగేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే: ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ వైఫై మీదే నడవనివ్వండి, డెస్క్‌టాప్‌కు మాత్రం వైరు కుదురుతుందేమో చూడండి. కుదరదని తేలాకే కార్డులు (కంప్యూటర్ లోపల బిగించేవి), డాంగిళ్ళు (యూఎస్‌బీలో గుచ్చేవి), మెష్‌ల (ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే రెండు మూడు వైఫై డబ్బాల) సంగతి.

ఏదీ కొనకముందు ఫోన్‌తో ఒక పరీక్ష చేయండి. రూటర్లలో సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఉంటాయి. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి, రూటర్ పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ నడపండి. అదే ఫోన్‌ను డెస్క్‌టాప్ ఉన్న బల్ల మీద పెట్టి ఇంకోసారి. తర్వాత బల్ల కింద, క్యాబినెట్ వెనక, గోడకు ఆనించి మరోసారి. గది తలుపు రోజూ మూసి ఉంచే అలవాటుంటే మూసే చేయండి. బల్ల మీద బాగా వచ్చి కింద పడిపోతుంటే మీ ఇబ్బంది యాంటెన్నా ఉన్న చోటుతోనే, మిగతాదంతా బాగానే ఉందన్నమాట. బల్ల మీదే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక గీతకు మించి కనిపించకపోతే మాత్రం ఎంత ఖరీదైన కార్డు బిగించినా లాభం లేదు. సిగ్నల్‌నో, వైరునో ఆ గది దాకా తేవాల్సిందే. దుకాణానికి వెళ్ళే ముందు ఈ రెంటిలో మీది ఏదో తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

మన ఇళ్ళలో ఈ తేడా ఎక్కువగా ఉండటానికి కారణం గోడలు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగంగా డేటా మోస్తాయి గానీ తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి దాటేసరికే నీరసిస్తాయి. ఇనుప చువ్వల స్లాబు దాటి పై అంతస్తుకు చేరేది మరీ తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు బాగానే దాటుతుంది. కానీ అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్లు, పై ఫ్లాట్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ ఆ ఇరుకులోనే ఉంటాయి. అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానెళ్ళు 1, 6, 11 - మూడే మూడు. సాయంత్రం ఏడు దాటాక నెట్ ఆగి ఆగి వస్తోందనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది, కనెక్షన్ ఇచ్చినవాళ్ళను తిట్టి లాభం లేదు.

వైరు వేయగలిగితే

క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం (1000 ఎంబీపీఎస్) ఇస్తుంది. క్యాట్ 6 ధర కాస్త ఎక్కువ, 55 మీటర్ల లోపు 10 గిగాబిట్ దాకా మోస్తుంది. ఇంటికి ఏదైనా సరిపోతుంది. కొత్తగా వేస్తున్నారు కాబట్టి క్యాట్ 6 వేయించండి, మీటరుకు ఇప్పుడు ఇంచుమించు పాతిక ముప్పై రూపాయలే. చూడాల్సింది వేరే ఉంది: అది మొత్తం రాగేనా, లేక అల్యూమినియం తీగకు రాగి పూతా? సీసీఏ అని రాసి ఉంటే రెండోది. చవక, కానీ వంచితే విరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ మొండికేస్తుంది. గోడలో పాతేసే కేబుల్ విషయంలో నాలుగొందలు మిగుల్చుకోవడానికి చూడకండి.

ఎక్కువమంది దెబ్బతినేది కనెక్టర్ దగ్గర. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా మెలికలు తిరిగి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. క్రింపింగ్ చేసేవాళ్ళు, అంటే కేబుల్ కొసకు కనెక్టర్ బిగించేవాళ్ళు, తొందరలో నీలం లేదా గోధుమ జతలో ఒక తీగను సరిగా కొసదాకా తొయ్యకపోతే నెట్ వస్తుంది, లైటు వెలుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. లింకు మాత్రం 100 దగ్గరే ఆగిపోతుంది. మూడొందల ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతూ తొంభై అయిదు చూసుకుంటూ ఉంటారు. అందుకని మనిషి మెట్లు దిగకముందే ప్లాస్టిక్ కనెక్టర్‌ను వెలుతురుకు పట్టి చూడండి. క్లిప్పు కింది వైపుకు, కేబుల్ మీ వైపుకు పెట్టుకుని బంగారు రంగు పిన్నులను పైనుంచి చూస్తే ఎడమ నుంచి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిది కొసలూ ముందు అంచుకు తగిలి మెరుస్తూ కనపడాలి. పైన ఉన్న నీలం లేదా బూడిదరంగు తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్ళి నొక్కుకుని ఉండాలి, లేకపోతే నాలుగు నెలలకు ఊడొస్తుంది. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. అది 1000 అని ఉండాలి.

ఒక్క మినహాయింపు ఉంది. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ బాక్సుకు లేదా పాత రూటర్‌కు ఉన్న లాన్ పోర్టులే (కేబుల్ గుచ్చే చోట్లు) 100 ఎంబీపీఎస్‌వి అయితే కేబుల్ ఎంత మంచిదైనా అంతకు మించి రాదు. అలాంటి చోట 200 ప్లాన్ తీసుకున్నవాళ్ళకు 5 గిగాహెర్ట్జ్ వైఫైలో వచ్చినంత వేగం వైరులో రాకపోవచ్చు. బాక్సు వెనక పోర్టు పక్కన జీఈ అని ఉంటే గిగాబిట్, ఎఫ్ఈ అని ఉంటే వంద.

దారి సంగతికొస్తే, పాత ఇళ్ళలో బెడ్‌రూమ్‌కు టీవీ పాయింటు ఉంటే ఆ పైపు బంగారం. వాడకంలో లేని డిష్ వైరు కొసకే కొత్త కేబుల్ కట్టి ఇవతల నుంచి లాగేస్తారు, గోడ కొట్టే పని ఉండదు. కరెంటు తీగలు వెళ్ళే పైపులోంచి మాత్రం లాగించకండి. ఆ తీగల ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే 230 వోల్టులు మీ కంప్యూటర్ దాకా వస్తాయి. కొత్త ఫ్లాట్లలో బిల్డర్ ముందే లాన్ పాయింట్లు వేసి ఉండొచ్చు. స్విచ్ బోర్డు మీద ఖాళీగా కనపడే చిన్న చతురస్రపు రంధ్రాన్ని టెలిఫోన్‌ది అనుకుని ఏళ్ళ తరబడి వదిలేసినవాళ్ళున్నారు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వకపోతే పలుచని ఫ్లాట్ కేబుల్‌ను అంటించే క్లిప్పులతో గుమ్మం పక్కనుంచి తీసుకుపోవచ్చు.

కింద మీరు, పైన కంప్యూటర్ గది ఉన్న ఇంట్లో కేబుల్‌ను బాల్కనీ మీదుగా బయటినుంచి వేయడం మామూలే. బయటికైతే నల్లటి అవుట్‌డోర్ కేబుల్ వాడాలి, లోపలి రకం తొడుగు రెండు ఎండాకాలాలకు పెళుసెక్కుతుంది. తొలకరిలో దగ్గర్లో పిడుగు పడితే బయట వేలాడే ఆ రాగి తీగ గుండా వచ్చే పోటుకు రూటర్ పోర్టూ మదర్‌బోర్డు పోర్టూ కలిసి పోతాయి. ఉరుములు మొదలవగానే కేబుల్ పీకెయ్యడం అలవాటు చేసుకోండి. వీధిలోంచి ఇంటికొచ్చే ఫైబర్ గాజు తంతి కాబట్టి దాంట్లోంచి ఆ ప్రమాదం రాదు.

దీంట్లోంచే ఇంకో దారి వస్తుంది. కొత్త కనెక్షన్ పెట్టించుకుంటుంటే ఫైబర్ బాక్సునే డెస్క్‌టాప్ గదిలో పెట్టమనండి. ఆ సన్నని వైరు ఎటైనా పోతుంది, మరీ మడతపడకుండా చూసుకుంటే చాలు. మీటరు పొడుగు కేబుల్‌తో డెస్క్‌టాప్ పని అయిపోతుంది. గది ఇంటికి మధ్యలో ఉంటే ఇంతకంటే మంచి ఉపాయం లేదు. చివరి మూల బెడ్‌రూమ్ అయితే హాల్లో టీవీకి సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి ఇంట్లోవాళ్ళను అడిగి చేయండి.

వైఫైయే గతి అయితే: కార్డా, డాంగిలా?

బల్ల మీద సిగ్నల్ బాగుంది, వైరు మాత్రం వేసే వీలు లేదు. అలాంటప్పుడు ఈ రెంటి మధ్యే పోటీ.

నా ఓటు మదర్‌బోర్డు స్లాట్లో గుచ్చే పీసీఐఈ కార్డుకే. రెండు మూడు వేలు అవుతుంది. ఇంటెల్ ఏఎక్స్210 చిప్ ఉన్న కార్డు వైఫై 6ఈ దాకా చేస్తుంది, ఏ కంపెనీ మదర్‌బోర్డు మీదైనా పనిచేస్తుంది. ఏఎక్స్211 అని కనపడితే ఒక్క అంకె తేడానే కదా అని తీసుకోకండి. అది కొన్ని ఇంటెల్ బోర్డుల మీద, అందుకోసం పెట్టిన స్లాట్లోనే పనిచేసే రకం. ఏఎండీ మీద లేవదు. కొనేముందు క్యాబినెట్ పక్క తలుపు తీసి చిన్న పీసీఐఈ స్లాటు ఖాళీగా ఉందో, గ్రాఫిక్స్ కార్డు దాన్ని కప్పేసిందో చూడండి. కప్పేస్తే కిందున్న పెద్ద స్లాట్లో పెట్టినా పనిచేస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ సన్నటి డెస్క్‌టాప్‌లు కొంటుంటారు కదా, వాటికి పొట్టి బ్రాకెట్ కావాలి. డబ్బాలో అదీ ఉందో లేదో అక్కడే విప్పి చూసుకోండి. కార్డులో బ్లూటూత్ కూడా ఉంటే దాని నుంచి మదర్‌బోర్డు యూఎస్‌బీ పిన్నులకు ఒక చిన్న కేబుల్ తగిలించాలి. అది పెట్టకుండా వైఫై వస్తోంది గానీ బ్లూటూత్ రావట్లేదంటూ కార్డు వాపసు ఇచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

కార్డు కొన్నాక చేసే పెద్ద తప్పు యాంటెన్నాలను వెనక్కే బిగించి వదిలెయ్యడం. బల్ల కింద, ఇనప డబ్బా వెనక, గోడకు నాలుగంగుళాల దూరంలో, చుట్టూ మానిటర్ వైర్ల చిక్కు. సిగ్నల్‌ను చంపడానికి ఇంట్లో ఇంతకంటే మంచి చోటు దొరకదు. మీటరు వైరుతో, కింద అయస్కాంతం ఉన్న యాంటెన్నా స్టాండుతో వచ్చే కార్డే తీసుకుని దాన్ని బల్ల మీద మానిటర్ పక్కన పెట్టండి. మొదట ఫోన్‌తో చేసిన పరీక్షలో బల్ల మీదికీ కిందికీ ఎంత తేడా చూశారో అంతా ఇక్కడ తిరిగొస్తుంది.

డాంగిల్ సుఖం డాంగిల్‌ది. తలుపు విప్పక్కర్లేదు, రేపు ఇంకో కంప్యూటర్‌కు పెట్టుకోవచ్చు, వారంటీ ఉన్న పీసీ సీలు తెరవాల్సిన పని లేదు. యాంటెన్నా ఉన్న డ్యుయల్ బ్యాండ్‌ది వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. గోరంత ఉండే నానో డాంగిళ్ళ జోలికి మాత్రం పోకండి. యాంటెన్నాకు చోటుండదు, గంట వాడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి, చవకవాటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. ఇంకో చిక్కుంది. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ సంస్థే 2012లో దీని మీద పత్రం వెలువరించింది. విరుగుడు తేలికే, మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి డాంగిల్‌ను వాటికి దూరంగా బల్ల మీదికి తెచ్చుకోవాలి. లినక్స్ వాడేవాళ్ళు చిప్ ఏదో చూసి కొనాలి. మీడియాటెక్ చిప్‌లలో చాలా వాటికి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది, రియల్‌టెక్‌వి కొన్ని మోడళ్ళు మీ ఆదివారం తినేస్తాయి.

డబ్బా మీది అంకెలను చూసి మురిసిపోవద్దు. ఏఎక్స్3000 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో 2402, 2.4లో 574 కలిపి చెప్పిన లెక్క. మీ కంప్యూటర్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు చానెల్‌ను అటు రూటరూ ఇస్తేనే. చేతికొచ్చేది సాధారణంగా అందులో సగం, కాస్త అటూ ఇటూ. వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. అయినా మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే ఏ కార్డు పెట్టినా వందే. అలాంటివాళ్ళు వైఫై 5 డాంగిల్‌తో కూడా హాయిగా ఉండొచ్చు. వేగం కంటే నిలకడ చూసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, రూటర్ అడ్రస్ ఇచ్చి, చివర హైఫన్, టి చేర్చి అయిదు నిమిషాలు వదిలేయండి. అడ్రస్ చాలా ఇళ్ళలో 192.168.1.1, జియో బాక్సులో 192.168.29.1. రూటర్ నుంచి జవాబు రావడానికి వైరు మీద ఒక మిల్లీసెకను దాటదు. వైఫైలో రెండు నుంచి పది మధ్య ఆడుతుంటే మంచిదే. మధ్యమధ్య రెండొందలు, మూడొందలు పడుతుంటే వీడియో కాల్‌లో మీ మాట ముక్కలుముక్కలుగా వెళ్తున్నట్టే. స్పీడ్ టెస్ట్ ఈ సంగతి చెప్పదు.

కొన్న రోజు డ్రైవర్ దించుకోవడానికే నెట్ లేక కూర్చుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఫోన్ పట్టిన వైఫైనే డెస్క్‌టాప్‌కు అందిస్తుంది, మొబైల్ డేటా ఖర్చవదు. రెండు మూడు రోజులకు, పరీక్షలప్పుడు అత్యవసరానికి దీంతోనే గడిపెయ్యొచ్చు.

బల్ల దగ్గరికే సిగ్నల్ రాకపోతే

ఇక్కడ అందరి చెయ్యీ ముందు పోయేది ప్లగ్గులో గుచ్చే ఎక్స్‌టెండర్ మీదికి. నేను చివర చెప్పేది దాన్ని. మామూలు ఎక్స్‌టెండర్ విన్నదే మళ్ళీ అదే చానెల్‌లో వినిపించాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. తప్పదనుకుంటే లాన్ పోర్టు ఉన్న డ్యుయల్ బ్యాండ్‌ది తీసుకుని, రూటర్‌కూ గదికీ మధ్య దారిలో పెట్టి, అక్కడినుంచి డెస్క్‌టాప్‌కు కేబుల్ ఇవ్వండి. సిగ్నల్ చచ్చిపోయిన గదిలోనే పెడితే అదీ చచ్చిన సిగ్నల్‌నే పంచుతుంది.

అటకమీద పాత రూటర్ ఉంటే దాన్ని క్లయింట్ లేదా రిపీటర్ మోడ్‌లో పెట్టి అదే పని పైసా ఖర్చు లేకుండా చేయించొచ్చు. వైరు ఇచ్చి రెండో రూటర్‌గా వాడేవాళ్ళు దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం మరవొద్దు. అలా మార్చకపోతే ఇంట్లో రెండు నెట్‌వర్కులు ఏర్పడి, కింద ఉన్న వైఫై ప్రింటర్ పైనున్న డెస్క్‌టాప్‌కు కనిపించదు.

మెష్ సెట్లు రెండు డబ్బాలవి ఆరు నుంచి పది వేల దాకా ఉంటాయి. ఒక్క డెస్క్‌టాప్ కోసం అయితే దండగ. ఇల్లే పెద్దది, పైన కింద అందరికీ సిగ్నల్ గొడవే అనుకుంటే మాత్రం సరైన ఖర్చు. రెండో డబ్బాను డెస్క్‌టాప్ పక్కన పెట్టి లాన్ పోర్టులోంచి వైరు తీసుకోండి, అప్పుడు కార్డూ డాంగిలూ ఏవీ అక్కర్లేదు. రెండు డబ్బాల మధ్య కూడా కేబుల్ వేయగలిగితే స్లాబు అడ్డమన్నదే ఉండదు.

కరెంటు తీగల మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా ఉన్నాయి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో రెండు గదులు రెండు ఫేజుల మీద ఉంటే సరిగా నడవవు, స్పైక్ బస్టర్‌లో గుచ్చినా నడవవు, మధ్యలో ఇన్వర్టర్ వైరింగ్ ఉన్నా ఇబ్బందే. వాపసు తీసుకునే చోట అయితేనే కొని చూడండి.

వీటన్నిటికంటే ముందు రూటర్‌ను ఒకసారి చూడండి. టీవీ వెనకో, షూ ర్యాక్ పైన ఇనప బీరువా పక్కనో దాక్కుని ఉంటే బయటికి తీసి ఛాతీ ఎత్తున తెరిపి చోట పెట్టండి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే డెస్క్‌టాప్ ఒక్కోసారి 2.4కే అతుక్కుని కూర్చుంటుంది. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ అని మార్చుకోవచ్చు. రూటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో, పిన్‌తోనో కలిపే పద్ధతి) ఆపెయ్యండి, వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2కు తగ్గకూడదు.

వైఫై 7 కార్డు కొనాలా అంటే, రూటరూ వైఫై 7ది లేకుండా కార్డు ఒక్కటే కొని ఒరిగేదేమీ లేదు.

చివరగా కరెంటు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టి రూటర్‌ను మామూలు ప్లగ్గులో వదిలేస్తే, కరెంట్ పోయిన క్షణంలో కంప్యూటర్ బతికే ఉంటుంది గానీ కాల్ తెగుతుంది. తిరిగి రూటర్ లేచి నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు. ఇంట్లో ఎక్స్‌టెండరో, మెష్ డబ్బానో, నెట్‌వర్క్ స్విచ్చో ఉంటే ప్రతి దానికీ విడిగా బ్యాకప్ కావాలి. కేబుల్‌కు ఆ బాధ లేదు. ఇన్వర్టర్ లేని ఇంటికి పన్నెండు వోల్టుల మినీ యూపీఎస్ చాలు, నాలుగు గంటల కోతను కూడా కొన్ని తట్టుకుంటాయి. కొనేటప్పుడు రూటర్ అడాప్టర్ మీద రాసింది చదివి వెళ్ళండి: అక్కడ 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే, యూపీఎస్ వోల్టేజీ అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.